కునుకుదొంగ

మా అన్న సోమిరెడ్డి ఒక బూజును పెంచాడు. అది పట్టిన నేల మీద పడుకున్న మనిషికి నిద్ర రాదు. ఆలస్యంగా రావడమో, మధ్యలో మెలకువ రావడమో కాదు, అసలు రానే రాదు. కళ్ళు మూసుకుని ఎంతసేపు దొర్లినా తల లోపల ఎవరో దీపం పెట్టుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఆ బూజును అతను మా కొండను కాపాడటానికే పెంచాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. తిట్టడం మొదలుపెట్టాక మరిచిపోతానేమోనని.

మాది తేనెలొద్ది. గోదావరి ఏజెన్సీలో తారురోడ్డు ఆగిపోయాక ఇంకా చాలాసేపు నడిస్తే వచ్చే కొండరెడ్ల ఊరు. నేను ఆ ఊరి బళ్ళో టీచర్ని, పేరు మంగవేణి. ఊరికి పైన ఆకుమెట్ట. మెట్ట నెత్తిన చెట్లుండవు, అంతా మోకాలెత్తు గడ్డి. చలికాలం పొద్దున్నే మబ్బు కిందికి దిగి ఆ గడ్డిలో పడుకుంటుంది. దాన్ని మేం వింతని ఏనాడూ అనుకోలేదు. గడ్డి తడిగా ఉంటుందని పశువుల్ని కాస్త ఆలస్యంగా తోలేవాళ్ళం, అంతే.

ఎవడో ఆ మబ్బును ఫోనులో వీడియో తీసి లోకం మీదికి వదిలాడు. కార్లు మొదలయ్యాయి. కార్ల తర్వాత గుడారాలు, గుడారాల తర్వాత సీసాలు, సీసాలు పగిలాక మా పశువుల కాళ్ళకి కట్లు. ఆ వెనకే రాజమండ్రి నుంచి ఉమామహేశ్వర్ గారు వచ్చి మెట్ట నెత్తిన ‘మబ్బుపందిరి రిసార్ట్స్’ అని బోర్డు పాతారు. గిరిజనులు కానివాళ్ళకి ఇక్కడ సెంటు భూమి కూడా చెల్లదని చట్టం ఉంది. అందుకని కాగితాలన్నీ మా ఊరి మనిషి పేరు మీదే పెట్టారు. చట్టం తృప్తిగా తలూపి వెళ్ళిపోయింది. ఊరికి నీళ్ళిచ్చే వాగును పైనే గొట్టంలోకి ఎక్కించి ఈతకొలను నింపారు. మా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని బురదలో చెలమలు తవ్వుకున్నారు.

మేం ఊరికే కూర్చోలేదు. ఆఫీసుల ముందు ధర్నాలు చేశాం. బడిపిల్లలకి నేనే పాటలు కట్టి నేర్పి, రిసార్టు గేటు ముందు పాడించాను. ఒకరోజు ఉమామహేశ్వర్ గారు స్వయంగా బయటికి వచ్చారు. ఆ మనిషి ఎప్పుడూ గొంతు పెంచడు.

“టీచరు గారూ, పిల్లల పాటలు చాలా బాగున్నాయండి. మా గెస్టులు ఎంతో ఇష్టంగా వీడియోలు తీసుకుంటున్నారు. ఆదివారాలు కూడా పెట్టించండి, రద్దీ ఎక్కువుంటుంది,” అన్నారు.

ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపంత దరిద్రం ఇంకోటి లేదు. మా అన్నకి మాత్రం ఏడుపు రాలేదు, ఆలోచన వచ్చింది. మా కొండల్లోంచి చదువుకుని సైంటిస్టు అయిన మొదటివాడతను. విశాఖపట్నంలో నేలలో ఉండే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేవాడు.

నేను కడుపుతో ఉండి పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నన్ను తన ల్యాబుకి తీసుకెళ్ళాడు. ఒక గాజుగది, అందులో రెండు మంచాలు, మంచాల కింద రేకు పళ్ళేల్లో మా ఆకుమెట్ట మట్టి. ఇద్దరు కుర్రాళ్ళు కింద కూర్చుని క్యారమ్స్ ఆడుతున్నారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఒకడు స్ట్రైకరు చేత్తో పట్టుకుని ఎవరి వంతో మరిచిపోయి అలాగే చూస్తున్నాడు. రెండోవాడు అడగలేదు, వాడికీ గుర్తులేదు.

“వీళ్ళకేమైందన్నా?”

“నిద్రపోలేదు. ఒప్పుకునే వచ్చారులే. మూడు నాలుగు రోజులు ఈ మట్టికి దూరంగా ఉంటే మళ్ళీ మామూలు మనుషులైపోతారు.”

“అయ్యో, ఇదేం పని?”

“చెప్తాను విను. ఈ బూజు మన గడ్డి వేళ్ళలో ఉండేదే. దీన్ని నేను కాస్త మొండిదాన్ని చేశాను. పొద్దు వాలి నేల చల్లబడుతుంటే ఆవిరి వదులుతుంది. వాసనుండదు. అది పీల్చినోడికి మర్నాడు పొద్దు వాలేదాకా నిద్ర రాదు, ఇంతలో మళ్ళీ పీలుస్తాడు. పగలు వచ్చి చూసిపోయేవాడికి ఏమీ కాదు. రాత్రి ఉందామని వచ్చినవాడికే.” అన్న మొహం వెలిగిపోతోంది. “రిసార్టువాడు అమ్మేదేంటి మంగా? గదులా? మబ్బా? హాయిగా నిద్రపోయి లేవడం. అది లేకపోతే అక్కడ ఎవడుంటాడు? ఎవర్నీ కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. వాళ్ళే పోతారు.”

“మరి మనమో?”

“మనకేం కాదనుకుంటున్నాను. తరతరాలుగా ఆ గడ్డి మీదే పొర్లాం. అలవాటైపోయుంటుంది. అయినా చూశాకే వదుల్తాను.”

అతని కళ్ళు కూడా ఆ కుర్రాళ్ళ కళ్ళలాగే ఉన్నాయి. “నీకు నిద్ర ఉంటోందా?” అని అడిగాను. “పని కంగారు,” అన్నాడు. అతనూ ఆ గడ్డి మీద పొర్లినవాడే. అక్కడే, అద్దంలో మొహం చూసుకుంటే చాలు, సగం సంగతి తెలిసేది. అంత చదువు చదివినవాడికి అద్దం చూసుకునే తీరిక లేకపోయింది.

సంక్రాంతి దాటాక మట్టి పళ్ళేలు తెచ్చి ఊళ్ళో కొన్ని ఇళ్ళలో మంచాల కింద పెట్టాడు. మా ఇంట్లోనూ పెట్టాడు. మా ఆయన బుల్లిరెడ్డి ఎప్పటిలాగే గుర్రుపెట్టి నిద్రపోయాడు. నేనూ పడుకున్నాను. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. అన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, నిన్న ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగాడు. జావ తాగామన్నారు, కందులు తిన్నామన్నారు, ఒక ముసలాయన చుట్ట కాల్చానని కూడా ఒప్పుకున్నాడు.

జీలుగుకల్లు సంగతి ఒక్కరూ చెప్పలేదు. జీలుగంటే తాటిచెట్టుకి కొండ మీది చుట్టం. గెల కోసి కుండ కడితే చలికాలం నుంచి వేసవి చివరిదాకా కారుతూనే ఉంటుంది. ఆ కాలమంతా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరంతా తాగుతుంది, అన్నం ముట్టిన పిల్లల నోట్లో కూడా చుక్క వేస్తారు. వాళ్ళేమీ దాచలేదు. గాలి పీల్చామని ఎవరైనా చెబుతారా? మా ఊళ్ళో తాగుడంటే కిందినుంచి వచ్చే సీసా. జీలుగు తాగడం తాగడం కిందికి రాదు. అన్న కూడా గుచ్చి అడగలేదు. అడిగేటప్పుడు అతని చేతిలోనూ కల్లు దొన్నె ఉంది.

“మన రక్తంలోనే ఉందే!” అని నన్ను పట్టుకుని తిప్పేశాడు. “ఈ కొండ మనల్ని గుర్తుపడుతుంది, వాళ్ళని గుర్తుపట్టదు.”

అంత అందమైన మాట అబద్ధమవుతుందని ఎవరనుకుంటారు? నేనూ మురిసిపోయాను.

రిసార్టులో పూలమొక్కలకి మట్టి మోసే కూలీలు మావాళ్ళే. ఆ మట్టిలో అన్న బూజు కలిపి మోశారు. వారం తిరక్కుండానే పైన గోల మొదలైంది. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి గేటు దగ్గరే చెంపలు వాయించుకుంది. ఒక పెద్దమనిషి ఇడ్లీ చల్లారిందని వంటవాడి మీదికి కుర్చీ ఎత్తాడు, తర్వాత ఎందుకెత్తాడో తెలియక దాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఈ కథలన్నీ అక్కడి వాచ్‌మన్ లచ్చిరెడ్డి, మావాడే, దిగొచ్చి చెబుతుంటే కడుపు పట్టుకుని నవ్వాం. మేం ఎవర్ని చూసి నవ్వామో వాళ్ళలో చిన్నపిల్లలూ ఉన్నారు. ఎవరి మీదా జాలిపడలేదు. కార్లు తగ్గాయి, ఆ తర్వాత ఆగాయి. ఊళ్ళో డప్పులు మోగాయి. కునుకుదొంగ అని ఆ బూజుకి పేరు పెట్టి దాని మీద పాట కట్టాం.

వేసవిలో నాకు పాప పుట్టింది. అన్న పెట్టిన మట్టి పళ్ళెం ఇంకా మా మంచం కిందే ఉంది. బాలింత కల్లు ముట్టకూడదని మా కట్టుబాటు, మా అమ్మ దొన్నె దగ్గరికి కూడా రానివ్వలేదు. పురుడైన మర్నాటి నుంచీ నాకు కన్ను మూతపడలేదు. పాపకీ లేదు. కళ్ళు విప్పుకుని చూరు చూస్తూ ఉండేది, అలిసిపోయినప్పుడు ఏడ్చేది, ఏడ్చే ఓపిక పోయాక మళ్ళీ చూరు చూసేది.

“అన్నా, నాకూ పాపకీ నిద్ర రావట్లేదు. నాకు భయంగా ఉంది.”

“పిచ్చిమంగా, పచ్చిబాలింతవి. పసిపిల్లల తల్లులకి నిద్రెక్కడుంటుంది?”

మా అమ్మ మరీను. “నువ్వు పుట్టినప్పుడు నేను పోయానా నిద్దర? ఏంటో సదూకున్నోళ్ళ సుకుమారం!”

మొట్టమొదటి రుజువును నేను. నన్ను చూసి అందరూ నవ్వారు.

ఉమామహేశ్వర్ గారు మాత్రం రిసార్టు మూయలేదు. వంటవాళ్ళని పంపేసి, లచ్చిరెడ్డి ఒక్కణ్ణీ ఉంచుకుని, తాను కింద లాడ్జిలో దిగి పగలు వచ్చిపోతుండేవారు. ఆ రోజుల్లోనే మా ఆయన దగ్గరా, మిగతా గీతగాళ్ళ దగ్గరా రోజూ కుండలకి కుండలు జీలుగుకల్లు కొనడం మొదలుపెట్టారు. “పోయేముందు తాగి పోనీవే,” అని మా ఆయన నవ్వేవాడు.

తొలకరి పడింది. జీలుగు గెలలు ఆరిపోయాయి. ఊరంతా ఒక్కసారిగా మేలుకుంది.

మొదట్లో ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. ఒంట్లో నలతేమో అనుకున్నారు. తర్వాత మా అమ్మ పొయ్యి వెలిగించకుండానే జావకుండ పెట్టి పొద్దెక్కేదాకా గరిటె తిప్పుతూ కూర్చుంది. బళ్ళో పిల్లలు పలక మీద అక్షరం దిద్దడం మొదలుపెడితే ఆపేవాళ్ళు కాదు, పలక తెల్లగా అయిపోయేదాకా దిద్దుతూనే ఉండేవాళ్ళు. పోడు గట్టు దగ్గర అన్నదమ్ములిద్దరు గొడ్డళ్ళు ఎత్తుకున్నారు. ఒకడి వేళ్ళు తెగిపడ్డాయి. తెగిన చెయ్యి వైపు చూసి వాడు నవ్వాడు. ఆ నవ్వు చూశాక మా ఊళ్ళో కునుకుదొంగ పాట ఎవరూ పాడలేదు.

అన్న పరిగెత్తుకొచ్చాడు. అందరి నెత్తురూ తీసుకెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ తీసుకెళ్ళాడు. మనిషి సగమైపోయాడు.

“దాన్ని తీసెయ్యన్నా. చంపెయ్,” అన్నాను.

“వానకి కొండంతా పాకిపోయిందమ్మా. ఇక తీయలేను.” నా మొహం చూడలేక పాపను చూశాడు. పాపను కూడా చూడలేకపోయాడు. “కిందికి దిగిపోండి. నాలుగు రోజుల్లో మామూలు మనుషులైపోతారు.”

దిగితే నిద్ర, ఉంటే ఊరు. ఊరిని రోడ్డు పక్క కాలనీకి దింపాలని గ్రామసభ పెట్టబోతున్నారు, అప్పటికే సర్వేవాళ్ళు తిరుగుతున్నారు, తాళం కనబడిన ప్రతి ఇంటినీ ఖాళీ ఇల్లని రాసుకుంటున్నారు. ఒకసారి ఖాళీ అని రాశాక ఆ ఇంటివాడికి కొండ మీద హక్కు లేదు. ఎవరూ దిగకూడదని ఊరంతా కట్టుబడ్డాం. ఆ మాట ముందు అన్నది నేనే. అలా అనకపోతే నేను గేటు ముందు పాడించిన పాటలకి అర్థమేముంది?

అలాంటి రోజుల్లో మెట్ట మీదికి మళ్ళీ కార్లు ఎక్కడం చూశాం. వచ్చినవాళ్ళు తెల్లారి దిగిపోవడం లేదు. ఉంటున్నారు. లేచి ఒళ్ళు విరుచుకుని మబ్బును ఫోటోలు తీసుకుంటున్నారు. అన్నా నేనూ పాపను ఎత్తుకుని మిట్టమధ్యాహ్నం గేటు దగ్గరికి వెళ్ళాం. ఉమామహేశ్వర్ గారు మమ్మల్ని లోపలికి పిలిచి కుర్చీలు వేయించారు.

“నేను సైన్సు చదువుకోలేదండి సోమిరెడ్డి గారూ,” అన్నారు. “గెస్టులంతా పిచ్చెత్తి పారిపోతుంటే మా లచ్చిరెడ్డి ఒక్కడే డ్యూటీలో గుర్రుపెట్టేవాడు. ఉద్యోగం పీకేద్దామని పిలిచాను. తర్వాత అనిపించింది, వీడికి నిద్రెలా పడుతోంది? ఏం తాగావురా అంటే ఏమీ తాగలేదన్నాడు. నోరు చూస్తే కల్లు కంపు.” మర్యాదగా నవ్వారు. “మీకు మంచినీళ్ళు కావచ్చు. మాకు కల్లు కల్లేనండి. ఒక గ్లాసు నేనూ తాగి ఇక్కడే పడుకున్నాను. ఎంత నిద్రండీ!”

ఐస్‌క్రీములు పెట్టుకునే చల్లగది తలుపు తీసి చూపించారు. కింది నుంచి పైదాకా డబ్బాలు. మా ఆయన కొట్టుకొచ్చి పోసిన కల్లు, గడ్డకట్టి. రాత్రి భోజనంతో పాటు గెస్టుకో గ్లాసు.

అన్న ఒక డబ్బా మూత తీసి చూశాడు. బయటినుంచి వచ్చినవాడికి కనబడింది, మాకు కనబడలేదు. మా నోట్లోనే ఉండి కనబడలేదు.

“పాపకైనా కొంచెం ఇవ్వండి,” అన్నాను. వాణ్ణి అడిగాను. అడగడానికి సిగ్గు కూడా వేయలేదు.

“ఇస్తానండీ, మనుషులం కదా. ఊరికంతా ఇస్తాను. ఆ గ్రామసభ ఒకటి అయిపోనివ్వండి,” అన్నారు.

ఇంటికొచ్చి చెప్పగానే మా ఆయన గీతకత్తి తీశాడు. వాగవతల లోయలో ఒక జీలుగు చెట్టు ఆలస్యంగా గెల వేసింది, ఇంకా కొంచెం కారుతుందేమో చూస్తానన్నాడు. జీలుగు చెట్టు ఎక్కడమంటే చెట్టుకి వెదురుబొంగు కట్టి, దాని కణుపుల దగ్గర నరక్కుండా వదిలిన కొమ్మ మొట్టల మీద బొటనవేలు ఆనించి పైకి పోవడం. నిద్రపోయి లేచినవాడికే అది గండం.

“వద్దు మావా. నీ కాళ్ళు వణుకుతున్నాయి.”

“పాప మొగం సూడవే. ఇంకెన్నాళ్ళుంటాది అలాగ? ఒక్క గుక్కయినా తెత్తాను.”

తోడు వెళ్ళినవాళ్ళు చెప్పారు, కుండ దాకా ఎక్కాడట. కుండలో చూసి, “ఉందిరా!” అని కేకేశాడట. ఆ సంతోషంలో రెండు చేతులూ కుండకే ఇచ్చాడు. మావాళ్ళు మనిషిని మోసుకొచ్చారు. పగిలిన కుండ పెంకులు కూడా ఏరుకొచ్చారు, నాకేదైనా పనికొస్తాయేమోనని. ఒక పెంకులో కాస్త తడి ఉంటే మా అమ్మా, పక్కింటామే దాని కోసం పెనుగులాడుకున్నారు, మా ఆయన శవం పక్కనే. నేను చూస్తూ ఉన్నాను. ఏడవడానికి కూడా నిద్ర కావాలని అప్పుడు తెలిసింది.

పెద్ద కర్మ అయ్యాక గ్రామసభ పెట్టారు. వాన కదా అని సభను రిసార్టు హాల్లోనే ఏర్పాటు చేశారు. ఊరంతా వెళ్ళాం. ఎత్తుకెళ్ళాల్సినవాళ్ళని ఎత్తుకెళ్ళాం. మెత్తని కుర్చీలు, తలుపు దగ్గరే బల్ల మీద గ్లాసులు. ముందు పుచ్చుకోండి, మాటలు తర్వాత, అన్నారు ఉమామహేశ్వర్ గారు. లచ్చిరెడ్డి మొహం తిప్పుకుని అందరికీ అందించాడు.

నాకు తెలుసు. ఊరు మొత్తం రోడ్డు పక్క కాలనీకి దిగిపోవడానికీ, ఆకుమెట్టను పర్యాటకానికి వదిలెయ్యడానికీ తీర్మానం అది. వద్దని చెప్పడానికే వెళ్ళాను. మావాళ్ళు గ్లాసు తాగి, ఆ తర్వాత లేచి వద్దంటారని నమ్మాను. అన్న ముందు వరసలో కూర్చున్నాడు. చేతిలో కాగితం, మాట్లాడవలసిందంతా రాసుకొచ్చాడు. అతనూ గ్లాసు తాగాడు. అతనికీ ఎన్నాళ్ళుగా నిద్రలేదో!

నా గ్లాసు నేను తాగలేదు. వేలు ముంచి పాప పెదాలకి రాశాను. చప్పరించింది. మళ్ళీ రాశాను. మూడోసారి రాసేటప్పటికి వేలు నోట్లో పెట్టుకునే కళ్ళు మూసింది. చెయ్యి నా రొమ్ము మీదినుంచి జారిపోయింది. ఒక్క క్షణం చచ్చిపోయిందనుకుని ముక్కు దగ్గర చెవి పెట్టాను. ఊపిరి తీస్తోంది, సన్నగా, వరసగా. పుట్టిన తర్వాత నా బిడ్డ నిద్రపోవడం అదే నేను చూడటం.

కింది ఆఫీసు నుంచి వచ్చినాయన గొంతు సవరించుకుని తీర్మానం మొత్తం చదివాడు. పైన ఫ్యాను చప్పుడు, కింద గుర్రు. హాలంతా తలలు వాలిపోయాయి. మా అమ్మ పక్కామె భుజం మీద పడి ఉంది. అన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కాగితం కాళ్ళ దగ్గర పడుంది.

“అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి నిలబడండి,” అన్నాడాయన.

మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే. లేవాలి. నా మొగుడు ఆ లోయలో పడి చచ్చాడు. ఎవరూ దిగకూడదని ఈ నోటితోనే ఊరందరిచేతా ఒట్టేయించాను. కాళ్ళు కింద ఆనించాను. ఒళ్ళో పాప చిన్నగా కదిలి మూలిగింది. కనురెప్పలు అదిరాయి. నేను ఆగిపోయాను.

ఉమామహేశ్వర్ గారు నన్నే చూస్తున్నారు. పాపను చూశారు. చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, మెల్లగా, లేస్తుంది అన్నట్టు సైగ చేశారు. ఎంతో దయగా చేశారు.

నేను లేవలేదు. రండి, ఎవరు తిడతారో తిట్టండి, నేను లేవలేదు.

“ఏకగ్రీవం,” అని రాసుకున్నాడు ఆఫీసాయన.

పాప మళ్ళీ గాఢంగా నిద్రలోకి జారింది. దాన్ని కదలకుండా ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో గ్లాసు తీసుకుని తాగేశాను.